వెంట్రుకవాసి బిగువు

కోయంబత్తూరు పీలమేడులో మా నాయనకు చిన్న పట్టరై ఉండేది. రెండు లేతులు, ఒక డ్రిల్లింగు మిషను, గోడవార ఒక పెద్ద వైసు. పనివాళ్లతో తమిళం, సామాన్లకు ఇంగ్లీషు పేర్లు. నాకు పని నేర్పేటప్పుడు మాత్రం నాయన తెలుగే మాట్లాడేవాడు. తిట్టడానికి అదే వీలుగా ఉండేదేమో.

మా ఊరు పంపులకు పేరుపడిన కథ మనవాళ్లందరికీ తెలిసిందే. 1932లో పైకారా కరెంటు రావడం, 1937లో జి.డి. నాయుడుగారు, బాలసుందరం నాయుడుగారు కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేయడం పెళ్లిళ్లలో కూడా చెప్పుకుంటారు. నాది అంత పెద్ద కథ కాదు. ఒక బుష్షు కథ.

పోత ఇనుము హౌసింగులో ఇరుసు తిరిగే చోట దిగేసే గన్‌మెటల్ గొట్టమే బుష్షు. నూటికి 88 పాళ్లు రాగి, 10 తగరం, 2 తుత్తునాగం. ఇప్పుడు చాలా పంపుల్లో ఆ జాగాలోకి బాల్ బేరింగులు వచ్చేశాయి గాని, బోరుబావిలోకి దింపే సబ్‌మెర్సిబుల్ మోటార్లలో ఈనాటికీ బుష్షులే. అక్కడ నూనెకు బదులు నీళ్లే పొరగా నిలుస్తాయి.

బుష్షు చేయాల్సిన పనులు రెండూ ఒకదానికొకటి ఎదురు. బయట హౌసింగును కదలకుండా పట్టుకోవాలి, లోపల ఇరుసును హాయిగా తిరగనివ్వాలి. ఇరుసు 25 మిల్లీమీటర్లు, బుష్షు బయటి కొలత 32 అనుకోండి. హౌసింగు బెజ్జం కంటే బుష్షును మిల్లీమీటరులో నూరింట నాలుగు వంతులు లావుగా తిప్పాలి. వెంట్రుక కూడా సాధారణంగా అంతకంటే లావే. అలా బిగువుగా దిగినప్పుడు లోపలి బెజ్జం దాదాపు అంతా ముడుచుకుంటుంది. అందుకే రీమరు పట్టేది బుష్షు దిగిన తర్వాతే. ముందే కొలత సరిచేసి దిగేస్తే ఇరుసు దూరదు.

నాయన సుత్తి పట్టనిచ్చేవాడు కాదు. "పెండ్లికూతుర్ని అత్తారింట్లోకి తోస్తారట్రా?" అనేవాడు. బుష్షు అంచును కొంచెం ఏటవాలుగా తీసి, నూనె రాసి, పొడుగాటి బోల్టు దూర్చి, అటూ ఇటూ మందపాటి వాషర్లు పెట్టి, నట్టు బిగిస్తూ మెల్లగా లాగేవాడు. బుష్షు నూనె బెజ్జం హౌసింగు నూనె బెజ్జం కిందికి సరిగ్గా రావాలి. ఆ తర్వాత బుష్షూ హౌసింగూ కలిసే గీత మీద, సగం ఇందులో సగం అందులో పడేట్టు బెజ్జం వేసి, మర తీసి, గ్రబ్ స్క్రూ దించేవాడు. అప్పుడిక బుష్షు తిరగలేదు. డ్రిల్లు మెత్తని గన్‌మెటల్ వైపు జారిపోతుంది గనక పంచి గుర్తు ఇనుము వైపు ఒక పిసరు జరిపి కొట్టేవాడు. ఆ పిసరు ఎంతో నేను అడిగితే చెప్పలేదు. చూడమన్నాడు.

1979 ఏప్రిల్‌లో పల్లడం వైపునుంచి ఒక కౌండరుగారి పంపు వచ్చింది. నాయన ఊళ్లో లేడు. బుష్షు సగం దిగి వాలింది. బయటికి లాగి, ఎమరీ కాగితంతో నాలుగు రుద్దులు రుద్దాను. ఈసారి చేత్తోనే జారిపోయింది. సంతోషపడ్డాను! చీకటి పడుతోందని గ్రబ్ స్క్రూ కూడా వేయలేదు.

మూడోనాడు పంపు పట్టేసింది. ఇరుసుతోపాటు బుష్షూ తిరిగింది. నూనె బెజ్జం మూసుకుపోయింది. ఎండిన బుష్షు కాగి, గన్‌మెటల్ ఇరుసుకు అంటుకుపోయింది. కౌండరుగారు ఎడ్లబండిలో దాన్ని తెచ్చి దింపి, "పరవాయిల్లె తంబీ" అన్నారు. ఆయన మిరపతోటకు అప్పటికే రెండు తడులు తప్పాయి. ఆ మాటకు బదులు చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

నాయన విప్పి చూశాడు. బుష్షు బయటి వైపు గీతలను వేలితో తడిమాడు. ఏమీ అనలేదు. మా ఇంటి తోట పంపు విప్పించి అదే బండిలో పెట్టించాడు. తానూ ఎక్కి, తోటలో బిగించి, నీళ్లు పారాకే తిరిగొచ్చాడు.

కొత్త ఇరుసు తిప్పి, పాడైన పంపు బాగుచేసేవరకు వారం రోజులు మా అమ్మ బావిలో చేదతో తోడింది. నేను తోడతానంటే ఇవ్వలేదు. పాత కప్పీ తెల్లవారుజామున కిర్రుమంటుంటే నాకు నిద్ర పట్టేది కాదు.

నాలుగోనాడు నాయన ఒక గన్‌మెటల్ ముక్క నా చేతిలో పెట్టాడు. "ఆ కప్పీకి బుష్షు దిగెయ్‌రా. మీ అమ్మ చేతులు నొస్తున్నాయి" అన్నాడు. గ్రబ్ స్క్రూ మాట ఎత్తలేదు. నేను రెండు వేశాను.