కూలే ఇంటికి ఫోటో

పెళ్ళికి ఫోటో తీయించుకుంటారు. గృహప్రవేశానికీ తీయించుకుంటారు. ఇల్లు కూలుస్తుంటే ఫోటో తీయడానికి పనిగట్టుకుని రైలెక్కి వెళ్ళే మనిషి ఎవడైనా ఉంటాడా అంటే, ఉన్నాడు. వాడు ఈ వ్యాసం రాస్తున్నవాడే.

సంగతేమిటంటే, నిజామాబాదులో గంజ్‌కు కాస్త ఇవతల మా అమ్మ పుట్టిన ఇల్లు ఉంది. ఉండేది అనాలి. తాతగారి తర్వాత మామయ్యల చేతుల్లోకి వచ్చింది. మామయ్యల పిల్లలు తలా ఒక ఊరు పట్టారు. పెంకు సర్దించే దిక్కులేక ఇల్లు కురవడం మొదలుపెట్టింది. చివరికి అందరూ సంతకాలు చేసి అమ్మేశారు. కొన్నవారు కింద దుకాణాలూ పైన అపార్టుమెంట్లూ కడతారట. అందులో వారి తప్పేమీ లేదు. కురిసే ఇంట్లో కాపురం చేయమని ఎవరినీ అడగలేం కదా!

కూలుస్తున్నారన్న కబురు వచ్చిన రాత్రి అమ్మ నన్ను పిలిచింది. "నాకు మోకాళ్ళు సహకరించవు. నువ్వే పోయి వంటింటి గూడు ఫోటో తీసుకురా బిడ్డా. గంజ్ దిక్కు గోడకుంటది. మా అమ్మ ఉప్పు గురిగి పెట్టేది అందులో" అంది.

"గూడేమిటమ్మా, ఇల్లంతా తెస్తాను" అన్నాను గొప్పగా.

"ఇల్లంతా నాకెందుకు? గూడు చాలు."

అంత చిన్న పని. దానికి కూడా ఒకరోజు ఆలస్యంగా బయల్దేరాను. ఆఫీసులో ఏదో పని ఉందనుకున్నాను. ఇప్పుడా పని ఏమిటో ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.

నిజామాబాదు పాత పేరు ఇందూరు. స్టేషన్‌లో దిగి గంజ్ వైపు నడుస్తుంటే, ఆ రోజుల్లో అయితే కళ్ళకంటే ముందు ముక్కు చెప్పేది, ఊరొచ్చిందని. పసుపు వాసన! నిజామాబాదు మార్కెట్టు పసుపుకు పేరెన్నికగన్నది. చిన్నప్పుడు సెలవులకు వచ్చి తిరిగి వెళ్ళేసరికి మా చొక్కాల మెడపట్టీలకు పసుపురంగు పట్టి ఉండేదని అమ్మ ఇప్పటికీ అంటుంది. నేను మాత్రం అది మా మురికే అనుకుంటాను.

ఇంటి ముందుకు వచ్చేసరికి గుండె ఝల్లుమంది. వీధి అరుగు లేదు. ముందు గదులు లేవు. పసుపుపచ్చని జేసీబీ ఒకటి, నట్టింట్లోకి తల పెట్టిన ఏనుగులా నిలబడి ఉంది. దంతెలూ వాసాలూ దూలాలూ ముందే ఊడదీసి ఒక పక్క పేర్చారు. పాత ఇల్లు కూల్చడంలో మొదట జరిగేది కూల్చడం కాదు, బేరం. టేకు తలుపులు ఒకరు కొంటారు, ఇనుము ఒకరు, గూనపెంకులు ఒకరు. ఇటుకలను సున్నం గీకి వరసగా పేర్చి అమ్ముతారు. ఇల్లు ముక్కలు ముక్కలుగా ఊరంతా మళ్ళీ కాపురానికి వెళుతుందన్నమాట. మా తాతగారి పడకగది తలుపు ఎవరింటి వాకిటనో చేరుతుంది. ఫోటోలో ఆ తలుపు గోడకు చేరగిలబడి, పెళ్ళివారు పిలవని చుట్టంలా ఉంది.

ఇక్కడ ఫోటోల సంగతి కొంచెం చెప్పాలి. కూలే ఇంటిని తీయడం కొండనో కోటనో తీయడం లాంటిది కాదు. దుమ్ము! పాత గోడల్లో డంగుసున్నం, మట్టి. గోడ పడగానే తెల్లటి మబ్బు లేస్తుంది. గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని అటువైపే నిలబడాలి. పొరపాటున కూడా అక్కడ కెమేరా కటకం విప్పి మార్చకూడదు. పొద్దున ఏటవాలు ఎండలో తీస్తే గోడమీది పాతరంగుల పొరలన్నీ కనబడతాయి. మధ్యాహ్నపు నిట్టనిలువు ఎండలో అన్ని గోడలూ ఒకేలా వెలవెలబోతాయి. అన్నిటికంటే ముఖ్యం, ఒకేచోట నిలబడి గంటగంటకూ తీయాలి. అప్పుడు ఇల్లు తగ్గుతున్న కొద్దీ ఆకాశం పెరగడం కనిపిస్తుంది. మేడమెట్లు పోయాక కూడా పక్కింటి గోడమీద మెట్ల జాడ ఏటవాలుగా, రంపపు పళ్ళలా మిగిలే ఉంది. ఆ మెట్లమీంచి నేను రెండుసార్లు దొర్లాను.

ఇది నాకొక్కడికే పట్టిన పిచ్చి కాదు సుమండీ. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్ నగరంలో పాత సందులన్నీ పడగొట్టి వెడల్పు రోడ్లు వేసినప్పుడు, చార్లెస్ మార్విల్ అనే ఫోటోగ్రాఫరు చేత నగరపాలకులే పాతవీధులను ఫోటోలు తీయించారు. నాలుగు వందలకు పైగా తీశాడాయన. లండన్‌లో 1875లో ఒక పాత సత్రాన్ని పడగొడతారని తెలిసి కొందరు పెద్దమనుషులు ఏకంగా సంఘమే పెట్టుకున్నారు. 1886 దాకా నడిపి 120 ఫోటోలు మిగిల్చారు. మన హైదరాబాదుకు వస్తే, 2020 జులైలో పాత సచివాలయాన్ని కూల్చేటప్పుడు పత్రికలవాళ్ళను దగ్గరికి రానివ్వలేదు. సంగతి హైకోర్టుదాకా వెళ్ళింది. నెలాఖరుకు విలేఖరులను తీసుకువెళ్ళి చూపించారు గాని అప్పటికి చాలాభాగం నేలమట్టమైంది. 1888 నాటి సైఫాబాదు ప్యాలెసు అందులోనే పోయింది. తీయించిన ఊళ్ళూ ఉన్నాయి, తీయనివ్వని ఊళ్ళూ ఉన్నాయి. మా తాతగారి ఇంటిదగ్గర నన్ను ఆపినవారెవరూ లేరు. జేసీబీ అబ్బాయయితే, "నాది గూడ ఒకటి తియ్యి సార్" అని చెయ్యి నడుముకు పెట్టి నిలబడ్డాడు. వాట్సాప్‌లో పంపించాను కూడా.

ఇక గూడు.

పైకప్పు పోయిన ఇంట్లో ఏది వంటిల్లో, ఏది కొట్టుగదో తెలియదని నాకెవరు చెప్పారు? పొగచూరిన గోడను చూసి పోల్చుకోవచ్చనుకున్నాను. ఎప్పుడో సున్నాలు వేయించి పొగ మాపేశారు. గంజ్ దిక్కు గోడలు మూడు నిలిచి ఉన్నాయి. మూడింటికీ గూళ్ళున్నాయి! ఆ కాలపు ఇళ్ళలో గూడులేని గోడ ఎక్కడ? దీపానికొకటి, పుస్తకానికొకటి, దేవుడికొకటి. అమ్మకు ఫోను చేశాను. ఎత్తలేదు. తర్వాత తెలిసింది, పూజలో కూర్చుందట.

సరే, అన్నీ తీద్దామనుకున్నాను. ఒకటి, రెండు, మూడు... నాలుగో గూడు దగ్గరికి వచ్చేసరికి అందులో స్టీలు టిఫిను కారియరు ఒకటి కూర్చుని ఉంది. గూడేమో చక్కగా కమానులా ఉంది, మధ్యలో ఈ తళతళలాడే డబ్బా! ఫోటోకు అడ్డం. పక్కన ఇటుకలు గీకుతున్న పెద్దాయనను, "కాస్త ఆ డబ్బా తీస్తారా, ఒక్క నిమిషం" అని అడిగాను.

"ఉండనీ సార్. నీడ ఇంక యాడ మిగిలింది? ఎండల పెడ్తె కూర పాచిపోతది" అన్నాడు, చేతిలో పని ఆపకుండానే.

నిజమే. తిరిగి చూస్తే ఆ ఆవరణ మొత్తంలో నీడ ఉన్నది ఆ గూట్లోనే. కొంచెం విసుక్కుంటూ, సరిగా గురి కూడా చూడకుండా ఒకటి కొట్టి వచ్చేశాను. వారి భోజనాలయ్యాక ఆ గోడా పోయింది.

సాయంత్రం ఖిల్లా ఎక్కాను. కోటలో రఘునాథాలయం ఉంది. ఒకప్పుడు జైలూ ఇక్కడే. నిజాం పాలన చివరి రోజుల్లో దాశరథి కృష్ణమాచార్యగారిని ఈ జైల్లోనే పెట్టారు. వట్టికోట ఆళ్వారుస్వామిగారు తోటి ఖైదీ. కాగితం, కలం లేక దాశరథి బొగ్గుతో గోడమీద పద్యాలు రాసేవారు. జైలువారు చెరిపేవారు. ఆయన మళ్ళీ రాసేవారు. ఆ బొగ్గు అక్షరాలకు ఫోటో తీసినవారెవరూ లేకపోయినా తెలంగాణ అంతటికీ అవి కంఠతా వచ్చాయి. మా అమ్మమ్మ వంటింటిని కంఠతా పట్టింది మాత్రం మా అమ్మ ఒక్కతే. ఆ తర్వాత ఎవరున్నారు?

మర్నాడు బోధన్ బస్సెక్కాను. అక్కడ చిన్నమామయ్య చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశాడు. దారిలో సారంగపూర్ వచ్చింది. అక్కడి సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతబడి ఏళ్ళు గడిచాయి. జానకంపేట, ఎడపల్లి దాటేటప్పుడు కిటికీలోంచి వరి, వరి, వరి. ఈ దారిలో మా చిన్నప్పుడు చెరకు తప్ప మరొకటి కనబడేది కాదు.

చెరకు ఇక్కడికి నీళ్ళవెంట వచ్చింది. మంజీరానదిమీద 1923లో మొదలుపెట్టి 1931లో నిజాంసాగర్ పూర్తిచేశారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్‌గారి ఇంజనీరింగు. కాలువ పారగానే కోస్తా జిల్లాలనుంచి రైతులు తరలివచ్చి క్యాంపులు వేసుకున్నారు. ఇప్పటికీ బోధన్, వర్ని ప్రాంతాల్లో ఊరిపేరు చివర 'క్యాంపు' అని ఉంటే అదే కారణం. నీళ్ళున్నాయి, చెరకు ఉంది, కనుక 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవారు. దానికి వేలాది ఎకరాల సొంత తోటలు. దాని చుట్టూ వెలిసిన ఊరికి పేరే శక్కర్‌నగర్. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, క్లబ్బు, అన్నీ ఉండేవి.

మామయ్య అక్కడ ప్యాన్‌మన్. ప్యాన్‌మన్ అంటే ఏమిటని అడగండి, చెబుతాను. చెరకు మిల్లుల్లో నలిగి రసమవుతుంది. పిప్పి బాయిలర్లకు పోతుంది, అదే మంట. రసానికి సున్నం కలిపి, గంధకపు పొగ పట్టించి, తేర్చి, మరగించి చిక్కబరుస్తారు. ఆ పానకం గాలి తీసేసిన పెద్ద పాత్రలోకి చేరుతుంది. దాన్నే ప్యాన్ అంటారు. అందులో పలుకు ఎప్పుడు కట్టిందో కనిపెట్టేవాడు ప్యాన్‌మన్. చిన్న గొట్టంతో ఒక బొట్టు బయటికి లాగి, గాజుపలకమీద పూసి, దీపానికి ఎదురుగా పట్టుకుని చూసేవాడు మామయ్య. గాజుమీద ఇసుకరేణువుల్లా పలుకులు మెరిసేవి. "చూసినవా, పుడుతున్నై" అనేవాడు నాతో. ఫోటో కడిగే చీకటిగదిలో బొమ్మ పైకి తేలడం తర్వాత చాలా ఏళ్ళకు మొదటిసారి చూసినప్పుడు నాకు మామయ్య గాజుపలకే గుర్తొచ్చింది.

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్ళింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించారు. చిమ్నీ ఆగింది. మళ్ళీ తెరిపించే ప్రయత్నం 2024లో ప్రభుత్వం మొదలుపెట్టింది. శక్కర్‌నగర్‌లో టీ తాగడానికి కూర్చుంటే మొదట వినిపించే మాట అదే: "తెరుస్తరంటవా?" నన్ను చూసి ఎవరో అధికారిననుకుని ఇద్దరు అడిగారు. కెమేరా మెడలో వేసుకుంటే మనిషికి లేని హోదా వస్తుంది.

లోపలికి వెళ్ళబోతే కాపలా ఆయన ఆపాడు. "గోడలు మంచిగ లెవ్వు. మీద పడ్తె ఎవలు జవాబు చెప్పాలె? రోడ్డుమీదికెళ్ళి తీస్కోండ్రి" అన్నాడు. న్యాయమే. రోడ్డుమీదనుంచి చిమ్నీ తీశాను. క్వార్టర్ల వరసలో మామయ్య ఇల్లు ఏదో పోల్చుకోవాలని చూశాను. కప్పులు కూలి, గదుల్లో తుమ్మచెట్లు మొలిచాయి. ఇక్కడ జేసీబీ అక్కరలేకపోయింది. వానా చెట్టూ కలిసి, తొందరేమీ లేకుండా అదే పని చేస్తున్నాయి. నిజామాబాదులో రెండురోజుల్లో అయిపోయినది ఇక్కడ ఇన్నేళ్ళుగా సాగుతోంది. ఏది నయమో చెప్పలేను. కాని కూలుతున్న ఇంటికి ఫోటో తీసినప్పుడు కలగని భయం ఈ క్వార్టర్లను తీస్తుంటే కలిగింది. మూడు ఫోటోలు తీసి కెమేరా సంచిలో పెట్టేశాను.

హైదరాబాదు చేరి, ఆ రాత్రే అమ్మకు ఫోటోలన్నీ చూపించాను. రెండువందల పన్నెండు. ఏటవాలు ఎండలో తీసిన గోడ చూపించాను. "ఊఁ" అంది. మెట్ల జాడ చూపించాను. "నువ్వు పడ్డది ఇక్కడే" అంది. మొదటి గూడు. "ఇది దేవుడిది." రెండోది. "ఇది మా నాయన పద్దుపుస్తకాలది." మూడోది తెలియదంది. నాలుగోది, ఆ టిఫిను కారియరుది, దాటించేయబోయాను.

"ఆగాగు" అంది.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. వేలితో తెరమీద గూటి అంచును నెమ్మదిగా తడిమింది. అంచులో ఒకచోట పెచ్చు ఊడి ఉంది. నేను తీసేటప్పుడు చూడనే లేదు. "ఇదే. రోకలి తగిలి ఊడింది. నేనే కొట్టిన. అమ్మతో దెబ్బలు గూడ తిన్న" అంది.

నాకు సిగ్గేసింది. "సరిగ్గా రాలేదమ్మా. ఆ డబ్బా తీయమంటే ఆయన తీయలేదు" అన్నాను.

అమ్మ ఆ మాట విన్నట్టు లేదు. డబ్బావంకే చూస్తోంది.

"పాపం, ఏం కూర తెచ్చుకున్నడో అడిగినవా?" అంది.