పెన్సిళ్ళ ఊరు కెస్విక్

ఇంగ్లండులో వాన అంటే ఏమిటో తెలియాలంటే లండనులో ఉంటే చాలదు, కెస్విక్ వెళ్ళాలి. లండనులో యూస్టన్ స్టేషన్లో రైలెక్కితే సుమారు మూడు గంటలకు పెన్రిత్ వస్తుంది. అక్కడినుంచి కెస్విక్ వెళ్ళే రైలుదారిని 1972లోనే మూసేశారు కనుక బస్సే గతి. బస్సు కొండల్లోకి తిరిగేసరికి మన శ్రావణమాసపు ముసురులాంటిది పట్టుకుంది. పచ్చటి కొండలు, వాటిమీద తెల్లచుక్కల్లా గొర్రెలు, కింద డెర్వెంట్ వాటర్ అనే సరస్సు. అందరూ ఈ ఊరికి కొండలెక్కడానికి వస్తారు. నేను మాత్రం పెన్సిళ్ళు చూడడానికి వెళ్ళాను.

నవ్వకండి. ఈ పనిమీద నన్ను పంపింది విజయవాడలో ఉన్న మా మేనకోడలు. అడిగినవారికి రంగు పెన్సిళ్ళతో రూపచిత్రాలు వేసి ఇస్తుంది. ఆ సంపాదనతోనే చెల్లెలి చదువు సాగుతున్నది. పొరుగింటావిడ ఒకరు, పోయిన తన తల్లి బొమ్మ వేయించుకుని హాల్లో కిటికీకి ఎదురుగా తగిలించుకున్నారు. రెండేళ్ళు తిరిగేసరికి బుగ్గల్లో గులాబీఛాయ ఎగిరిపోయింది. ఊదారంగు చీర బూడిదరంగుకు దిగింది. ఆవిడ కోప్పడలేదు. "అమ్మ మళ్ళీ పాలిపోయిందే తల్లీ" అన్నారట, అంతే. ఆ మాటతో మా పిల్లకు నిద్ర కరువైంది. "మామయ్యా, ఖరీదైన పెన్సిళ్ళంటారు గదా, వాటిలో ఏది వెలవదో కనుక్కుని మరీ రా" అని నన్ను సాగనంపింది.

అందుకు కెస్విక్ తగిన చోటే. దగ్గర్లోని బారోడేల్ లోయలో 16వ శతాబ్దంలో గ్రాఫైటు బయటపడింది. గాలివానకు ఒక చెట్టు కూలితే వేళ్ళకింద నల్లరాయి కనిపించిందనీ, కాపరులు దానితో గొర్రెలకు గుర్తులు పెట్టుకున్నారనీ కథ చెబుతారు. ఫిరంగిగుండ్ల అచ్చులకు అది పనికొస్తుందని తేలాక కాపలాలు పెరిగాయి, దొంగలూ పెరిగారు. 1752లో పార్లమెంటు ఆ దొంగతనం కోసం ప్రత్యేకంగా చట్టమే చేయవలసివచ్చింది. ఊళ్ళో పెన్సిళ్ళ ఫ్యాక్టరీ 1832లో వెలిసింది. నేటి డెర్వెంట్ పెన్సిళ్ళు ఆ వంశానివే. ఫ్యాక్టరీ తరవాత సముద్రం వైపు వర్కింగ్‌టన్‌కు తరలిపోయింది.

నేను చూసింది 1981లో తెరిచిన పెన్సిళ్ళ మ్యూజియం. గని సొరంగంలాంటి దారిగుండా లోపలికి వెళ్ళాలి. దాదాపు ఎనిమిది మీటర్ల పొడవున్న పసుప్పచ్చ పెన్సిలు ఒకటుంది. ఇంకోటి రెండో ప్రపంచయుద్ధంలో వైమానికులకోసం చేసింది: లోపల చుట్టిపెట్టిన పటం, రబ్బరుకింద బుల్లి దిక్సూచి! 2015 డిసెంబరు తుపానులో వరద వచ్చి మ్యూజియాన్ని ముంచేసింది. మళ్ళీ తెరిచేసరికి 2017 వచ్చింది.

రంగు పెన్సిల్లో గ్రాఫైటు ఉండనే ఉండదు. రంగుపొడి, తెల్లమట్టి, జిగురు, మైనమో నూనెో కలిపి ముద్ద చేసి సన్నటి కడ్డీలుగా తీస్తారు. నల్ల పెన్సిలు ములుకును బట్టీలో కాలుస్తారు. రంగు ములుకును కాలిస్తే రంగు చస్తుంది కనుక ఆరబెట్టడమే. ఖరీదంతా ఆ రంగుపొడిలో ఉంది. చౌకరకంలో మట్టి హెచ్చు, రంగు తక్కువ.

ఆ రాత్రి బసలో, బయట వాన కురుస్తూంటే, విడివిడిగా కొనుక్కున్న నాలుగు రకాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. జర్మనీలో ఫాబర్-కాస్టెల్ వారు 1908లో మొదలుపెట్టిన పాలిక్రోమోస్ నూనెరకం. కాస్త గట్టిది, మొన నిలుస్తుంది. కనురెప్పలకూ వెంట్రుకలకూ దానికి సాటి లేదు. అమెరికాలో 1938లో పుట్టిన ప్రిస్మాకలర్ మైనంరకం. వెన్నలా జారుతుంది, అంత త్వరగానూ అరుగుతుంది. మైనం దట్టంగా రుద్దితే కొన్నాళ్ళకు పైన తెల్లటి పొగమంచులాంటిది తేలవచ్చు. మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. జెనీవాలోని కారన్ దాష్ వారి లూమినెన్స్ కూడా మైనమే. ముదురు రంగుమీద లేత రంగు వేసినా పైకి కనబడుతుంది. నాలుగింటిలోకీ ఖరీదూ దానిదే. డెర్వెంట్ వారి లైట్‌ఫాస్ట్ నూనెరకం, ములుకు లావు, నున్నగా నడుస్తుంది.

కాగితంమీద నాలుగూ అందంగానే ఉన్నాయి. కాని అందం ఒక్క సాయంత్రంలో తెలుస్తుంది, మన్నిక తెలియదు. వెలుగుకు నిలుస్తుందా అన్నది వేరే పరీక్ష. నీలపు ఉన్ని పీలికలు ఎనిమిది, ఒకదానికంటె ఒకటి ఆలస్యంగా వెలిసేవి, పక్కన పెట్టి పోల్చి చూస్తారు. ఫాబర్-కాస్టెల్ వారు పెన్సిలు మీదనే నక్షత్రాలు ముద్రిస్తారు. మూడుంటే మేలురకం. లూమినెన్స్, లైట్‌ఫాస్ట్ అనేవి ఈ మన్నిక కోసమే పుట్టిన పేర్లు. సామాన్యంగా మట్టిరంగులు, నలుపు, గోధుమ నిలుస్తాయి. ముందు వెలిసేవి గులాబీలు, ఊదాలు. అంటే, మనిషి ముఖానికి ప్రాణం పోసేవే!

కనుక డెబ్బయి రెండు పెన్సిళ్ళ పెద్ద పెట్టె కొనవలసిన పని లేదు. గోధుమలు, ఆకుపచ్చలు ఉన్నవాటితోనే కానివ్వవచ్చు. గులాబీలు, ఊదాలు మాత్రం మన్నికగుర్తు చూసి విడిగా కొనాలి. ప్రతి రంగూ ఒక కాగితంమీద రుద్ది, సగం నల్లకాగితంతో కప్పి, ఎండ పడే కిటికీకి అంటించి మూడు నెలలు చూడండి. కంపెనీల మాటకంటె మన ఎండ మాట నికరం.

మా మేనకోడలికి పద్నాలుగు పెన్సిళ్ళు తీసుకువెళ్ళాను. అది మొట్టమొదట పొరుగింటావిడ తల్లి బొమ్మ మళ్ళీ వేసింది. డబ్బు పుచ్చుకోలేదు. ఈసారి కిటికీకి ఎదురుగా కాక, పక్కగోడకు తగిలించమని మాత్రం చెప్పింది.