బిందెకు మెడ ఎందుకు?

మీ ఇంట్లో ఇత్తడి బిందె ఉన్నదా? ఉంటే బహుశా అటకమీద దుమ్ము పట్టి ఉంటుంది. పెద్దవాళ్ళనడిగి కిందికి దింపించుకుని, ఎదురుగా పెట్టుకుని ఇది చదవండి.

శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలో బుడితి అనే గ్రామం ఉన్నది. శ్రీకాకుళం నుంచి నరసన్నపేట దాకా పెద్ద రోడ్డున పోయి, అక్కడినుంచి లోపలికి తిరగాలి. ఊరు చిన్నదే అయినా ఇత్తడి, కంచు పనికి పేరు మోసింది. రాగిలో తుత్తునాగం కలిపితే ఇత్తడి అవుతుంది; తగరం కలిపితే కంచు అవుతుంది. బుడితి పనికి ఈనాడు భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. అంటే వేరే ఊరివాళ్ళు తమ సరుకును బుడితి పేరుతో అమ్ముకోరాదన్నమాట.

ఇక బిందెను చూడండి. అడుగు గుండ్రన, పొట్ట లావు, మెడ సన్నం, అంచు మళ్ళీ వెడల్పు. అందానికి ఇలా చేశారనుకుంటే పొరపాటే.

మీరు నూతి దగ్గర నిలబడ్డారనుకోండి. చేంతాడు బిందె మెడకు బిగిస్తారు. అంచు వెడల్పుగా ఉన్నది కనక ఉచ్చు పైకి జారిపోదు. నీళ్ళమీద తేలే బిందెను తాడుతో ఒక్క విదిలింపు విదిలిస్తే, అది పక్కకు ఒరిగి బుడబుడమంటూ తనంతట తానే నిండుతుంది.

తరవాత ఇంటికి మొయ్యాలి. పది లీటర్ల నీళ్ళు పది కిలోల బరువు. బిందె బరువు వేరే. అంత బరువును బకెట్టులో పోసి కుడిచేత్తో పట్టుకుంటే ఒళ్ళు ఎడమవైపుకు ఒరుగుతుంది, వేళ్ళు కోసుకుపోతాయి. బిందెను చంకన పెట్టుకుంటే బరువంతా నడుము ఎముక మీద ఆనుతుంది. మెడ చుట్టూ వేసిన చెయ్యి మొయ్యనక్కర్లేదు, జారిపోకుండా ఆపితే చాలు. నడిచేటప్పుడు లోపల నీళ్ళు ఊగుతాయిగాని, పైకి లేచిన అలలో చాలాభాగం బిందె భుజానికి తగిలి వెనక్కు పడుతుంది. నెత్తిన పెట్టుకునేవాళ్ళకు గుండ్రని అడుగు చుట్టకుదురులో చక్కగా కూర్చుంటుంది.

కావాలంటే ఒక చిన్న ప్లాస్టిక్ బిందెలోనూ, బకెట్టులోనూ సరిసమానంగా నీళ్ళు పోసి పెరటి చుట్టూ తిరిగి చూడండి. ఏది ఎంత ఒలికిందో మీ బట్టలే చెబుతాయి!

చెంబు సంగతీ ఇంతే. 1958లో ఛార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు భారత ప్రభుత్వం కోరికపై ఒక నివేదిక రాసి ఇచ్చారు. కుర్చీలు తయారు చెయ్యటంలో వాళ్ళు ప్రపంచ ప్రసిద్ధులు. మన దేశంలో చూసిన వస్తువులన్నిటిలోకీ వాళ్ళను ముగ్ధుల్ని చేసింది మామూలు చెంబు! ఎంత చేతికి ఎంత చెంబు, నిండుగా ఉన్నప్పుడూ వెలితిగా ఉన్నప్పుడూ బరువు ఎటు తూగుతుంది, నీళ్ళు ఎలా ఒంపాలి, ఎలా కడగాలి—ఇన్ని ప్రశ్నలకు జవాబు చెప్పే వస్తువును ఒక్క మనిషి కూర్చుని తయారు చెయ్యలేడనీ, తరతరాలవాళ్ళ చేతులు దాన్ని దిద్దాయనీ వాళ్ళు రాశారు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది.

ప్లాస్టిక్ వచ్చి ఇత్తడిని వెనక్కు నెట్టింది. అయినా ప్లాస్టిక్ బిందెకూ మెడ పోలేదు, గమనించారా? నీళ్ళు మోసే మనిషి మారలేదు కనక ఆకారమూ మారలేదు. ఇప్పుడు కుళాయి ఇంట్లోకే వచ్చింది. చాలా ఇళ్ళలో చంకన నీళ్ళు మోసే పనే లేదు. ఇరవై లీటర్ల మంచినీళ్ళ డబ్బా వచ్చింది. దాన్ని ఎక్కడ పట్టుకోవాలో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు. మోటారు బండికి అది బాగానే సరిపోయింది.

నడుముమీద నీళ్ళు మోసేవాళ్ళు తగ్గితే బుడితివాళ్ళ బిందెను కొనేదెవరు? పూలకూజాలూ, అలంకారపు దీపాలూ పట్నాలకు వెళతాయి. కాని పూలకూజా బల్లమీద కదలకుండా ఉంటే చాలు, దాని మెడ ఎంత సన్నమైనా అడిగేవారుండరు. బిందె మెడకు కొలత నేర్పింది మోసేవాళ్ళ చెయ్యి. ఆ కొలత తెలిసిన పనివాడు దాన్ని తన కొడుక్కు నేర్పాలంటే, బిందె కావాలని ఎవరైనా అడగాలి.

అటకమీది బిందెను పాతసామానువాడికి తూకానికి వేసే ముందు కాస్త చింతపండు పెట్టి తోమండి. చింతపండులోని పులుపు ఇత్తడికి పట్టిన నలుపును కరిగిస్తుంది. అప్పుడు మెడ దగ్గర చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు బయటపడవచ్చు. ఆ పేరు గల ఆవిడ ఏ నూతినుంచి నీళ్ళు తెచ్చేదో మీ నాయనమ్మనడగండి.