సున్నపు శిలువ

బడి రిజిస్టర్లో నేను దుర్గారావుని. దివిసీమలో మా పల్లెలో దానియేలుని. బళ్ళో వేసేనాడు పంతులుగారే "ఆ పేరు రాస్తే స్కాలర్‌షిప్పు రాదురా" అని నాన్నకి చెప్పి, బెజవాడ కొండ మీది అమ్మవారి పేరు రాశారు. నాన్న వేలిముద్ర వేశాడు.

1859లో రాఘవాపురం పగోలు వెంకయ్య డార్లింగు దొర చేత బాప్తిస్మం పొందిన దగ్గర్నుంచీ కృష్ణా డెల్టాలో ఎన్నో మాలపల్లెలు గుడిని వదిలి చర్చికెళ్ళాయి. (గుళ్ళోకి రానిచ్చిందెప్పుడు గనక వదలడానికి!) చర్చికెళ్ళినా ఊరు మమ్మల్ని మాలోళ్ళనే పిలిచింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మాత్రం క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులం కాదంది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ కలుపుకుంది. మేం మిగిలిపోయాం. మతం మారినవాళ్ళకి మన రాష్ట్రంలో బీసీ-సి, ఒక్క శాతం. నా సర్టిఫికెట్లో 'హిందూ మాల' అని ఉంది. మా వంశంలో మొదటి డిగ్రీ నాది. 2012 డీఎస్సీలో ఉద్యోగం ఆ కాగితంతోనే వచ్చింది.

నెల మొదటి ఆదివారం బల్ల. "దాచిన పాపం ఉన్నవాళ్ళు చెయ్యి చాపొద్దు" అంటారు అయ్యగారు. నేను వెనక బెంచీలో తలొంచుకుంటాను. ఓసారి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "ఒప్పుకుంటే చాలదు, విడిచిపెట్టాలి" అన్నారు. అంటే ఉద్యోగమా? జక్కయ్య నాలుగంతలు తిరిగిచ్చాడు సరే, నేనెవరికివ్వాలి? అమ్మనడిగితే, "కళ్ళంలో మనకి గింజలు కొలిచేప్పుడు కుంచంలో బొటనవేలు పెట్టినోళ్ళు ఏ బల్ల కాడ ఒప్పుకున్నార్రా?" అంది. క్రైస్తవంలో ఉంటూ రిజర్వేషన్ కోసమే హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు అంది. కోర్టుకది మోసం, అయ్యగారికి పాపం. నాకా కాగితం సంగతి ఇప్పటికీ తేలలేదు.

తేలిన పాపం ఇంకోటుంది. నాన్న పోయినప్పుడు సమాధి మీద శిలువ వద్దన్నాను. ఎవడన్నా ఫొటో తీసి కలెక్టరాఫీసుకి పంపుతాడని భయం. ఉట్టి సిమెంటు దిమ్మె, పేరు, తేదీలు. "మీరు కిరస్తానం కాదా అండీ?" అని తాపీమేస్త్రి రెండుసార్లడిగాడు. కాదన్నాను. మూడోసారి అమ్మ అడిగింది, "మీ నాన్నకి శిలువ పెట్టవా?" అని. పెట్టనన్నాను. కోడి కూయలేదు గానీ ఆ రాత్రి నాకు కూడు దిగలేదు.

ఏటా నవంబరు 2న, సమాధుల పండక్కి, అమ్మ సున్నంలో వేలు ముంచి ఆ దిమ్మె మీద శిలువ గీస్తుంది. తుపాను వానకి అది కొట్టుకుపోతుంది. మళ్ళీ ఏడు మళ్ళీ గీస్తుంది. నేను కొవ్వొత్తులు పట్టుకుని అటు తిరిగి నిలబడేవాణ్ణి.

పోయినేడు ఆమె వల్ల కాలేదు. నలభయ్యేళ్ళు ఊడ్పుల్లో నానిన వేళ్ళు, సున్నం తగిలితే పగిలి నెత్తురొస్తున్నాయి. డబ్బా నా చేతికిచ్చింది. కాలవ గట్టు మీద, స్టాఫ్‌రూములో నా పక్క కుర్చీలో కూర్చునే ఆయన బండాపి చూస్తున్నాడు. నా చెయ్యి వణికింది. అడ్డగీత వంకరపోయింది.

"ఇంకాస్త లావుగా గియ్యరా, కనపడొద్దూ!" అంది అమ్మ.

మళ్ళీ డబ్బాలో వేలు ముంచాను.