మంచాన పడ్డ మనిషి

ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే మొదటి వారం రోజులూ చూడాలి ఆ సందడి! బత్తాయిలు తెచ్చేవారు కొందరు, మందు చెప్పేవారు కొందరు, తమకెప్పుడో వచ్చిన జబ్బు కథ తీరుబడిగా చెప్పి వెళ్లేవారు మరికొందరు. మా కడప జిల్లాలో పెళ్లికి రాకపోయినా క్షమిస్తారుగాని పరామర్శకు రాకపోతే క్షమించరు. నెల దాటేసరికి రాకపోకలు పలచబడతాయి. ఏడాది దాటిందా, ఇక ఆ మంచమూ ఇంట్లో ఒక బీరువా లాంటిదే. "ఎట్లుంది?" అని అడిగినవారు కూడా జవాబు కోసం ఆగరు.

పులివెందులలో మా వదినకు పదకొండేళ్లుగా కీళ్లవాతం. ఒకప్పుడు నూరుమందికి ఒంటిచేత్తో ఓళిగలు కాల్చిన మనిషి, ఇప్పుడు గ్లాసు పట్టుకోలేదు. కూతురికి జమ్మలమడుగు సంబంధం కుదిరింది. సరిగ్గా ఆ రోజుల్లోనే దిండుగలీబులో దాచిన మాత్రలు బయటపడ్డాయి. రెండు నెలలుగా మింగడం లేదట! మింగుతున్నావనుకుని కొనుక్కొచ్చి పెడుతుంటే ఇదేమి పని అని నేను కోప్పడ్డాను.

"కొనడం మానమంటే మీరు వినరు కదా! నేనేమన్నా లేచి తిరిగేది ఉందా అమ్మీ? ఆ దుడ్డుతో పిల్లకొక చీరన్నా వస్తుంది" అంది.

ఆ చీరలు కొనడానికే ప్రొద్దుటూరులో మా ఇంటి దగ్గరి అంగడికి వెళ్లినప్పుడు చిల్లరలో ఒక ఐదు రూపాయల నాణెం వచ్చింది. దాని మీద ముసుగు వేసుకున్న ఒక కన్యాస్త్రీ బొమ్మ. పేరు అల్ఫోన్సా. రాజులూ, నాయకులూ ఉండవలసిన చోట ఈమె ఎవరా అని కుతూహలం పుట్టి, దొరికినవి తెచ్చుకుని చదివాను.

ఈమెది కేరళ, కొట్టాయం ప్రాంతం. 1910లో ఎనిమిదో నెలలోనే పుట్టింది. నిద్రలో పాము నడుముకు చుట్టుకుంటే ఆ భయంతో తల్లికి కాన్పు ముందుకు వచ్చిందంటారు. మూడు నెలలకే తల్లి పోయింది. 1923లో, ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తుంటే, అవి తప్పించుకోవడానికి ఊక కాలుతున్న గుంటలో కాళ్లు పెట్టింది. నిజం చెప్పాలంటే ఈ ఘట్టం నాకు రుచించలేదు. ఆ పసిపిల్ల "నాకొద్దు" అంటే వినే పెద్దలుంటే ఆ గుంటతో పనేముంది?

1927లో భరణంగానం మఠంలో చేరింది. చేరిన కొన్నాళ్లకే జబ్బు పట్టుకుంది. 1932లో బడిలో పాఠాలు చెప్పడానికి పంపిస్తే ఏడాది కంటే సాగలేదు. 1939లో న్యుమోనియా. 1940 అక్టోబరులో ఒక రాత్రి గదిలోకి దొంగ వచ్చాడు. ఆ అదురుకు జ్ఞాపకశక్తే పోయింది. తర్వాత కడుపులో బాధ. 1946 జులై 28న, ముప్పై ఆరేళ్లు నిండకుండానే కన్నుమూసింది.

ఇంతకూ ఆమె చేసిందేమిటి? జమ్మలమడుగులో కేంబెల్ ఆసుపత్రి పెట్టిన లండన్ మిషను దొరల పేరు చెబితే మా పెద్దలు చేతులెత్తేవారు. అది కంటికి కనబడే పని. ఈమె ఆసుపత్రి కట్టలేదు, ఊళ్లు తిరగలేదు. చాలా ఏళ్లు మంచం మీదే ఉంది. అయితే బడిపిల్లలు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవారట. అంత్యక్రియలకు వచ్చినవారు కొద్దిమందే. ఆ తర్వాత సమాధి దగ్గర మొదట మొక్కుకున్నది ఆ పిల్లలే. పెద్దలు వారి వెనక నడిచారు. 2008 అక్టోబరు 12న రోములో పోపు బెనెడిక్టు ఆమెను పునీతగా ప్రకటించారు. భారతదేశపు స్త్రీలలో ఆ గౌరవం మొదట దక్కింది ఈమెకే.

జబ్బు దేవుడిచ్చిన వరమంటే నేనొప్పుకోను. వరమైతే మాత్రలెందుకు? నన్ను పట్టుకున్నది వేరే సంగతి. ఏ పనీ చేయలేని మనిషి దగ్గరకు పిల్లలు ఏం ఆశించి వెళ్లారు? పిల్లలకు మొహమాటం పరామర్శలు తెలియవు సుమండీ. బాగుంటేనే కూర్చుంటారు.

వదినకు ఇదంతా చెప్పాను. నాణెం అరచేతిలో పెడితే వంగని వేళ్లతో అటూ ఇటూ తిప్పి చూసింది. మహిమలను గురించి ఒక్క మాటా అడగలేదు.

"ఆయమ్మకు మందులు ఎవరు తెచ్చి పెడతా ఉండిరి?"

"మఠంలో వాళ్లే."

"అన్నేండ్లా?"

"అన్నేళ్లూ. ఆ డబ్బుతో ఎన్ని చీరలు వస్తాయని ఎవరూ లెక్క కట్టలేదు వదినా!"

చురుక్కుమన్నట్టుంది, నాణెం దిండు కింద పెట్టుకుని అటు తిరిగి పడుకుంది.

పెళ్లికి నాలుగు రోజుల ముందు ఓళిగలకు పూర్ణం ఉడుకుతుంటే లోపల మంచం మీద నుంచి కేక వినిపించింది: "బెల్లం ఇప్పుడే వేయబాకండి! పప్పు ఇంగా మెదగలేదు, వాసన చూస్తే తెలీలా?" వంటింట్లో ఆడవాళ్లందరూ గరిటెలు ఆపేశారు. మా మేనకోడలు మాత్రం మాత్రా, నీళ్లూ పట్టుకుని మంచం దగ్గర నిలబడింది. వదిన మింగి, నోరు తెరిచి చూపించింది. అది చాలలేదు. నాలుక ఎత్తి చూపించమంది పిల్ల.