గాడ్జిల్లా: భూతమూ, నేరమూ

మా కళాశాల విద్యార్థుల్లో కొందరికి గాడ్జిల్లా చిత్రాలంటే వల్లమాలిన అభిమానం. 1998లో హాలీవుడ్డు తీసిన గాడ్జిల్లా మాటెత్తితే మాత్రం మండిపడతారు. "అది గాడ్జిల్లా కాదు మాస్టారూ, ఒట్టి ఉడుము" అన్నాడొకడు. సాహిత్యం బోధించే నాకు ఈ కోపం పిల్లల పేచీగా తోచలేదు. వాళ్ళు మాటల్లో పెట్టలేకపోయినా, దాని వెనుక ఒక విమర్శ ఉంది.

మూల చిత్రం ఏ పరిస్థితుల్లో పుట్టిందో ముందు చూడాలి. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవిలో హైడ్రోజన్ బాంబు పేల్చింది. ఆ విషపు బూడిద చేపల వేటలో ఉన్న ఒక జపాను పడవ మీద కురిసింది. 23 మంది జాలరులు జబ్బుపడ్డారు. సెప్టెంబరులో వారిలో ఒకడు, రేడియో ఆపరేటరు కుబోయామా, మరణించాడు. నవంబరు 3న ఇషిరో హోండా దర్శకత్వం వహించిన "గోజిరా" విడుదలైంది. అది పడవ మునకతోనే మొదలవుతుంది. రబ్బరు తొడుగులోని నటుడు బొమ్మ నగరాన్ని తొక్కుతున్నాడని మనకు తెలుసు. అయినా నవ్వు రాదు. మండే టోక్యో, ఆసుపత్రి నిండా క్షతగాత్రులు, పసిబిడ్డ ఒంట్లో రేడియేషన్ కొలుస్తున్న వైద్యుడు - ఇవన్నీ ఆ ప్రేక్షకులకు తొమ్మిదేళ్ళనాటి జ్ఞాపకాలు. గోజిరా కూడా బాంబు దెబ్బ తిన్న జీవే. ఫిరంగులకు అది చావదు. దాన్ని చంపగల మందు కనిపెట్టిన సెరిజావా, ఆ మందు రేపు ప్రభుత్వాల చేతిలో ఏమవుతుందో ఊహించి, కాగితాలు తగలబెట్టి, తానూ సముద్రగర్భంలోనే ఉండిపోతాడు.

1956లోనే అమెరికన్ పంపిణీదారులు ఈ చిత్రాన్ని కత్తిరించి, మధ్యలో ఒక అమెరికన్ విలేఖరిని అతికించారు. నాగసాకి నుంచి బతికి వచ్చానన్న రైలు ప్రయాణికురాలి మాట అందులో మాయమైంది. 1998లో రోలండ్ ఎమ్మెరిక్ పని ఇంకా పూర్తయింది. ఇప్పుడు నేరం ఫ్రాన్సుది. ఫ్రాన్సు 1996 దాకా పాలినీషియాలో అణుపరీక్షలు జరిపిన మాట నిజమే. కాని బికినీలో బాంబు పేల్చిన దేశం ఈ కథలో కేవలం బాధితురాలు. చివరికి భూతం బ్రూక్లిన్ వంతెన తీగల్లో చిక్కుకుంటుంది. విమానాలు క్షిపణులతో దాన్ని చంపేస్తాయి. ఏ ఆయుధాలను మూల చిత్రం శంకించిందో, అవే ఇక్కడ రక్షకులు!

కథను తిరగరాయడం తప్పు కాదు. భారతంలో దుష్యంతుడు శకుంతలను ఎరిగి ఉండీ ఎరగనంటాడు. ఆమె నిండుసభలో నిలదీస్తుంది. కాళిదాసు దుర్వాసుని శాపాన్ని తెచ్చి రాజు తప్పును దాని మీదికి నెట్టాడు. నేరాన్ని మరొకరి ఖాతాలో వేసే విద్య అంత పాతది. అయితే పోగొట్టినదానికి బదులు కాళిదాసు ఒక మహానాటకం ఇచ్చాడు. ఎమ్మెరిక్ ఇచ్చినవి టాక్సీ పరుగులూ, కూలే మేడలూ.

2004లో తోహో సంస్థ తన చిత్రంలో ఈ అమెరికన్ భూతాన్ని అసలు గాడ్జిల్లా చేత క్షణాల్లో చంపించింది. అభిమానులు చప్పట్లు కొట్టారు. నాకు అది చాలదనిపించింది. నకిలీ చస్తే సరిపోదు. పోయిన ప్రశ్న తిరిగి రావాలి. నేడు తొమ్మిది దేశాల దగ్గర అణ్వాయుధాలున్నాయి. వాటిలో మనదీ ఒకటి. మా విద్యార్థులు భూతం ఆకారాన్ని గురించి వాదించుకున్నప్పుడల్లా, దాన్ని నిద్రలేపినవాళ్ళెవరని కూడా అడగమంటాను.