8.40 వోల్టులు, మా అక్క దుప్పటి

హన్మకొండలో మా అక్కావాళ్ళింటి వాకిట్లో షాబాదు బండ మీద ఓ నల్ల మచ్చ ఉంది. అన్నం పళ్ళెమంత ఉంటుంది. చూసినవాళ్ళు దీపావళికి భూచక్రాలు కాల్చారేమో అనుకుంటారు. అక్క కూడా "అవును, పిల్లలు కాల్చిన్రు" అనేసి ఊరుకుంటుంది. నిజం చెబితే తమ్ముడి పరువు పోతుందని ఆవిడ బాధ. ఆవిడ దాచినదాన్ని నేనే బయటపెడుతున్నా. ఎందుకంటే ఆ మచ్చకి కారణం నేను.

మా అల్లుడు (అక్క కొడుకు. మా వైపు పిల్లనివ్వకపోయినా మేనల్లుణ్ణి అల్లుడనే పిలుస్తాం) 2023లో వరంగల్లోనే ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. వరంగల్ పిల్లలకి టెక్నికల్ ఫెస్టుల పిచ్చి కొత్తేం కాదు. మా కాలంలో ఆర్ఈసీ అన్నది 2002లో ఎన్ఐటీ అయింది, అక్కడ టెక్నోజియాన్ జరుగుతుంటే బయటి కాలేజీల పిల్లలు కూడా ఎగబడి చూస్తారు. మావాడు చదివింది అక్కడ కాదు, వేరే కాలేజీలో. పేరెందుకు లెండి. వాళ్ళ ఫెస్టులో రిమోట్ కార్ల రేసు పెట్టారు. నలుగురు కుర్రాళ్ళు కలిసి ఓ పాత కారు కొన్నారు. దాంతో వచ్చింది నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ. బరువెక్కువ, ఊపు తక్కువ.

"మామా, లైపో బ్యాటరీ ఒకటి కావాలె" అని ఫోను.

మామ ఊరుకుంటాడా? 2009లో ఆన్‌సైటుకి అమెరికా వెళ్ళినప్పుడు రెండేళ్ళు శనివారాలన్నీ ఈ కార్లతో గడిపినవాణ్ణి. డాలస్ నుంచి వస్తున్న ఫ్రెండుకి చెప్పా, ఓ బ్యాటరీ కొని సూట్‌కేసులో ఓ మూల పడెయ్ అని. వాడు నన్ను తిట్టాడు. "స్పేర్ లిథియం బ్యాటరీ చెకిన్ సామాన్లో పెట్టకూడదురా, చేతిసంచిలో తేవాలి. వంద వాట్ అవర్ల లోపైతే పర్మిషన్ కూడా అక్కర్లేదు. నీది ఎంత?" అన్నాడు. లెక్క కట్టాం. 7.4 వోల్టులు, 5000 ఎంఏహెచ్. అంటే 37 వాట్ అవర్లు. మన తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు నాలుగు గంటలు వెలిగే కరెంటన్నమాట. వాడు టెర్మినల్స్‌కి టేపు చుట్టి మరీ చేతిసంచిలో తెచ్చాడు. విమానం ఎక్కే బ్యాటరీకి అన్ని జాగ్రత్తలు. విమానం దిగాక? కొరియర్ కవర్లో పెట్టి హన్మకొండ బస్సులో తెలిసినాయన చేతికిచ్చేశా. ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ రాత్రి ఏం జరిగిందో తర్వాత ముక్కలు ముక్కలుగా కూర్చుకున్నా, మనం ప్రొడక్షన్ ఇష్యూకి లాగ్స్ చూసుకున్నట్టు. రేసు ముందురోజు రాత్రి పిల్లలు నలుగురూ అక్కావాళ్ళింట్లో చేరారు. బ్యాటరీని మంచం మీద పెట్టి ఛార్జింగ్ పెట్టబోయారు. అక్క చూసింది. "ఏందిరా గిది మంచం మీద? కొత్త దుప్పటి ఖరాబైతది. బయట పెట్టుకోపోండ్రి" అని కసిరింది. వాళ్ళు గొణుక్కుంటూ ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి వాకిట్లో బండ మీద పెట్టారు.

ఛార్జరు పాత బ్యాటరీకి పెట్టిన నికెల్ ప్రోగ్రాములోనే ఉండిపోయింది. ఎవరూ మార్చలేదు. లైపోకి ఉండే సన్న తెల్ల ప్లగ్గు ఎందుకో తెలీక దాన్ని వదిలేశారు.

పది నలభైకి నాకు వీడియో కాల్ వచ్చింది. నేను రిలీజ్ కాల్లో ఉన్నా. కట్ చేసి, ఫోను తనంతట తాను సూచించే రెడీమేడ్ మెసేజీ ఒకటి పంపా. కాల్లో ఉన్నా, మళ్ళీ చేస్తా అని. వాడు చేతిలో బ్యాటరీ పట్టుకుని "మామా, గిది ఉబ్బింది, సూడు" అని చూపించడానికి చేశాడట. నేను ఎత్తకపోయేసరికి బండ మీద పెట్టేశాడు. ఓ రెండు నిమిషాలకి నెయిల్ పాలిష్ లాంటి వాసన, బుస్సుమని పొగ, ఆ తర్వాత మోకాలెత్తు మంట. బావ పరిగెత్తి ప్లగ్గు పీకాడు. పక్కింటివాళ్ళు స్లాబు కోసం పోయించుకున్న ఇసుక ఉంటే తట్టలతో తెచ్చి పోశారు. మావాడికి రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. అంతే. "అంతే" అని రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. నేను ఫోనెత్తి ఉంటే వాడు నాకు ముందూ వెనకా తిప్పి చూపిస్తూ ఇంకో రెండు నిమిషాలు చేతిలోనే పట్టుకుని ఉండేవాడేమో. లేక నేను "పారెయ్యిరా" అని అరిచి ఉండేవాణ్ణేమో. ఏదని ఇప్పటికీ తేల్చుకోలేను.

ఇంతకీ జరిగిందేంటి? లైపో సెల్లు నిండితే 4.2 వోల్టులు. రెండు సెల్లులకి 8.40. అక్కడ ఆగిపోవాలి. లైపో ప్రోగ్రాములో ఛార్జరు ఆ సంఖ్య దగ్గర వోల్టేజీని కట్టేసి కరెంటుని మెల్లమెల్లగా తగ్గిస్తుంది. నికెల్ బ్యాటరీ పద్ధతి వేరు. అది నిండాక వోల్టేజీ కొంచెం పడిపోతుంది, ఛార్జరు ఆ పడిపోవడం కోసం కాచుక్కూర్చుంటుంది. లైపో ఎప్పటికీ అలా పడదు. ఛార్జరు ఎక్కిస్తూనే ఉంటుంది. పాతికేళ్ళ సర్వీసున్న ఏ ఇంజినీరైనా గుర్తుపడతాడు, ఇది ఎప్పటికీ నిజం కాని కండిషన్ పెట్టిన వైల్ లూప్. 4.2 దాటాక లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది, పాజిటివ్ వైపు పదార్థం చెడి ఆక్సిజన్ వదులుతుంది, ద్రావకం అంటుకుంటుంది. ఆక్సిజన్ లోపల్నుంచే వస్తుంది కాబట్టి దుప్పటి కప్పితే ఆరే మంట కాదది.

ఇక్కడ మన ఫోన్లకీ ఈ రేసు బ్యాటరీలకీ పెద్ద తేడా ఉంది. ఫోను బ్యాటరీలో కాపలా సర్క్యూట్ ఉంటుంది, ఎక్కువైనా తక్కువైనా అదే కత్తిరించేస్తుంది. రేసు బ్యాటరీలో అది ఉండదు. వందల ఆంపియర్లు ఒక్కసారి లాగాలి, మధ్యలో సర్క్యూట్ అడ్డమని తీసేశారు. ఆ సన్న తెల్ల ప్లగ్గు ఒక్కో సెల్లు వోల్టేజీ విడివిడిగా చూసే కన్ను. దాన్ని పెట్టకపోతే ఛార్జరు గుడ్డిది. ఇంక మిగిలిన కాపలా ఎవరూ అంటే మనిషే. మనిషి మరిచిపోతాడు కాబట్టి నియమాలు.

నేను అమెరికాలో చూసిన ట్రాకులో మొదట ఆశ్చర్యపోయింది కార్లని చూసి కాదు, ట్రాకు పక్కన బల్ల చూసి. బల్ల మీద వోల్ట్ మీటరు, వెనక ఓ పెద్దాయన. రేసుకి ముందు ప్రతి కారూ ఆయన దగ్గరికెళ్ళాలి. మీటరు తేడాకి కాస్త వదిలేసి 8.40 దాటితే కారు ట్రాకెక్కదు. ఓ రోజు తన పాత స్నేహితుణ్ణే వెనక్కి పంపాడు. ఆ స్నేహితుడు కిక్కురుమనకుండా వెళ్ళిపోయాడు. నాకు మొదట అది భద్రత కోసం అనిపించింది. కాదట. వోల్టేజీ ఎక్కువైతే మోటారు వేగం ఎక్కువ, అది దొంగతనం, అందుకూ ఆ మీటరు.

ఈ ఆటలో బ్యాటరీ మోసాలు ఆటంత పాతవి. ఎలక్ట్రిక్ ఆఫ్‌రోడ్ కార్లకి మొదటి ప్రపంచ పోటీ 1985లో కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో జరిగింది. అప్పట్లో అంతా నికెల్ కాడ్మియం. సెల్లుకి ఒక్క దెబ్బలో భారీ కరెంటు కొట్టి దాని లోపలి నిరోధం తగ్గించేవాళ్ళు. వేడి మీద ఉంటే ఊపెక్కువని రేసుకి ఐదు నిమిషాల ముందే ఛార్జింగ్ ముగిసేలా చూసుకునేవాళ్ళు. లైపో వచ్చాక కూడా అంతే, బ్యాటరీని వెచ్చబెట్టి తెచ్చేవాళ్ళు. దాంతో వేడి చెయ్యకూడదన్నారు, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో ఉన్న బ్యాటరీయే వాడాలన్నారు, మంటకి తట్టుకునే సంచిలో పెట్టే ఛార్జింగ్ చెయ్యాలన్నారు. వీటిలో సగం నియమాలు పోటీలో న్యాయం కోసం పుట్టాయి, సగం ప్రాణం కోసం. కానీ 8.40 దగ్గర రెండూ ఒకటే సంఖ్య. భద్రత కోసం అని చెప్పి ఉంటే "నా బ్యాటరీ, నా ఇష్టం" అనేవాడు కూడా, పక్కవాడు మోసం చేస్తాడన్న భయంతో మీటరుని నెత్తిన పెట్టుకున్నాడు.

మా అక్క చేసింది కూడా అదే కదా. ఆవిడకి లిథియం గురించి ఏం తెలీదు. దుప్పటి గురించి తెలుసు. దుప్పటి కోసం పెట్టిన రూలు ఇల్లు కాపాడింది.

సిగ్గుపడాల్సిన విషయం ఇంకోటుంది. ఈ సంగతులేవీ నాకు తెలియనివి కావు. 2022 ఏప్రిల్లో నిజామాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ ఇంట్లో ఛార్జింగ్ పెడితే పేలి ఎనభయ్యేళ్ళ పెద్దాయన చనిపోయారు. అదే నెలలో విజయవాడలో పడగ్గదిలో పెట్టిన బ్యాటరీ పేలి ఇంటాయన పోయాడు, భార్యాపిల్లలు గాయపడ్డారు. ఆ సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పొగ పైకెక్కి, ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. కేంద్రం ఏఐఎస్-156 నిబంధనల్ని బిగించింది, 2022 డిసెంబర్ 1 నుంచి ఒక దఫా, 2023 మార్చి 31 నుంచి రెండో దఫా. విజయవాడ వార్తని మా ఫ్యామిలీ గ్రూపులో ఫార్వార్డ్ చేసింది సాక్షాత్తూ నేనే. "బ్యాటరీలు పడగ్గదిలో పెట్టకండి" అని పెద్దమనిషిలా కింద ఓ ముక్క కూడా రాశా. ఏడాది తిరక్కుండా అదే ఇంటికి కొరియర్ కవర్లో 37 వాట్ అవర్లు పంపా. ఆ నిబంధనలు బళ్ళకి, బొమ్మకార్ల బ్యాటరీలకి కాదు. నా బుర్రలో కూడా స్కూటర్ ఒక ఫోల్డరు, బొమ్మకారు ఇంకో ఫోల్డరు.

ఆ ఫెస్టు రూల్స్ కాగితం తర్వాత తెప్పించుకుని చూశా. బ్యాటరీ గురించి ఒక్క లైను. పన్నెండు వోల్టులు దాటకూడదు. అది కూడా ట్రాకు దగ్గర ఎవరూ కొలవలేదట. ఎక్కడ ఛార్జ్ చేస్తారు, ఎలా చేస్తారు, ఎవరు చూస్తారు, ఏమీ లేదు. నియమం కారుతో మొదలై కారుతో అయిపోయింది. లైపోకి కారులో కూడా ప్రమాదం ఉంది, గుద్దుకుని నలిగితే అంటుకోవచ్చు. కానీ అక్కడ నలుగురు చూస్తుంటారు. ఛార్జర్ దగ్గర, రాత్రి పదకొండింటికి, హాస్టల్ గదిలో ఎవరుంటారు?

ఇది చెబితే ఓ మిత్రుడు "అసలా బ్యాటరీలే బ్యాన్ చేసి పారేస్తే పోలా?" అన్నాడు. పోదు. ఆఫీసులో పెన్‌డ్రైవులు బ్యాన్ చేస్తే డేటా బయటికెళ్ళడం ఆగిందా? బ్యాన్ చేస్తే పిల్లలు మంచం కింద దాచి ఛార్జ్ చేస్తారు. ఇప్పుడు కనీసం పైన చేస్తున్నారు.

2024లో మావాడు ఫైనలియర్‌కొచ్చాడు. రేసు నడిపే బాధ్యత వాడి మీదే పడింది. ఓ పేజీ రూల్స్ రాసి నాకు పంపాడు. ఛార్జింగ్ అంతా ఆరుబయట ఒకే బల్ల మీద. తెల్ల ప్లగ్గు పెట్టకుండా ఛార్జరు ఆన్ చెయ్యకూడదు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి ఐదు ఆంపియర్లు దాటకూడదు. ఉబ్బింది కనిపిస్తే ముట్టుకోకుండా వాలంటీరుని పిలవాలి. పక్కన రెండు బకెట్ల ఇసుక. రాత్రికి బ్యాటరీలు సగం ఛార్జితో, సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర, బల్ల దగ్గరే ఉండిపోవాలి. చివరి లైను: ట్రాకు ముందు మీటరు, 8.40 దాటితే ఎంత తెలిసినవాడైనా వెనక్కి.

ఆ మీటరు దగ్గర కూర్చోడానికి మనిషి కావాలన్నాడు. శనివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి బయల్దేరి వెళ్ళా. పదకొండు కార్లొచ్చాయి. రెండిటిని వెనక్కి పంపా. అందులో ఒకటి 8.52 చూపించింది. ఆ పిల్లాడు "సార్, కొత్త బ్యాటరీ సార్, గట్లనే చూపిస్తది" అన్నాడు. వాళ్ళ ఛార్జరు చూస్తే సెట్టింగ్ తప్పు. వాడు నన్ను ఆ రోజంతా కోపంగానే చూశాడు. చూడనీ. నాకు కావలసింది భద్రత మీద వాడి భక్తి కాదు, మీటరు మీద వాడి భయం.

అందుకే మీలో ఎవరి పిల్లలైనా, తమ్ముళ్ళైనా డ్రోనో రిమోట్ కారో అడిగితే కొనివ్వండి. కానీ కొన్న రోజే ఛార్జరు పక్కన కూర్చుని ఒక్కసారి పూర్తిగా చేసి చూపించండి. ఫార్వార్డ్ చెయ్యకండి. కూర్చోండి.

ఆ బండ తీయించి కొత్తది వేయిస్తానని మొన్న సంక్రాంతికి బావ అన్నాడు. అక్క ఒప్పుకోలేదు.

"ఉండనియ్. వానికి యాదికుండాలె" అంది.

వాడంటే మా అల్లుడనుకునేరు. నావైపే చూస్తూ అంది.